ఉప్పు తగిలిన నారు

మే 4, ఆదివారం

తనూజ చేసిన మిషన్ ఇంటికి వచ్చింది. ఇది మూడోది. మొదటిది కాలిపోయింది, రెండోది కంపు కొట్టింది. ఇది బియ్యం డబ్బా అంత ఎత్తుంది. పైన మూత, కింద సొరుగు, లోపల బ్లేళ్లు, వేడెక్కే పళ్లెం. తొక్కలు, మిగిలిన అన్నం వేస్తే ఎండబెట్టి పొడి చేసి, సూక్ష్మజీవుల మందు కలిపి సొరుగులోకి దింపుతుంది. ఆ పొడిని సంచిలో మాగబెడితే ఎరువు. అడుగున తూకం ఉంది. ఎప్పుడు ఎంత వేశామో దాని ఫోనులో పడుతుంది.

పొయ్యి పక్కన పెడతానంది. ఎంగిలి వేసే డబ్బా పొయ్యి పక్కన ఉండటానికి వీల్లేదన్నాను.

"అమ్మమ్మా, వంటింటి మిషన్ వంటింట్లో కాక దేవుడి గదిలో పెట్టమంటావా?"

"వెనక వసారాలో పెట్టు."

"ఆడ ఎండ పడ్తాది. సెన్సార్లు చెడిపోతాయి."

"నా వంటిల్లు చెడిపోతే?"

చివరికి గిన్నెలు తోమే గట్టు కింద పెట్టాం. ఇద్దరికీ నచ్చలేదు. కాబట్టి అదే సరైన చోటు.

హుబ్బళ్ళి కంపెనీ వాళ్లు రెండు షరతులు పెట్టారు. ఒక ఇంట్లో వాడి చూడాలి, ఏం వేశామో మనిషి రాసిన లెక్కా మిషన్ చూపిన లెక్కా కలవాలి. ఆ ఎరువుతో ఒక రైతు మిరపనారు పోస్తే బాగా రావాలి. రెండూ కుదిరితే ఈ మిషన్‌ను వాళ్లు తయారు చేసి అమ్ముతారు. తనూజ బెంగళూరు ఉద్యోగం మానుకుని రెండేళ్లుగా దీని మీదే ఉంది. ఇది పోతే ఇంకెవరినీ అడిగే ఓపిక లేదని నిన్న తనే అంది. దాని అమ్మానాన్నలు సిరుగుప్ప దగ్గర ఆంధ్ర రైతుల క్యాంపులో వరి చేసుకుంటున్నారు. ఐదో క్లాసు నుంచి అది నా దగ్గరే పెరిగింది. దాని ఓపిక ఎంతో నాకు తెలుసు. కాబట్టి ఇది పోకూడదు.

చేత్తో రాసే లెక్క నా పని. "సెన్సారు అబద్ధం చెప్పినా చెప్పొచ్చు, మా అమ్మమ్మ చెప్పదు" అని కంపెనీ వాళ్లకు చెప్పిందట. పొగడ్తలు అనవసరం అన్నాను. ముప్ఫై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. తూచి రాయడం నాకొక పని కాదు.

మే 7

నియమం పెట్టాను. తూచకుండా ఏదీ లోపలికి పోకూడదు. హనుమక్కకు రెండుసార్లు చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూ మిషన్‌ను ఓరగా చూసింది.

"ఇంత తొక్క మా బర్రెకేస్తే సాయంత్రానికి చెంబెడు పాలిస్తాది. ఇదేమిస్తాదమ్మా?"

"ఎరువిస్తుంది."

"ఎరువు మా బర్రె గూడా ఇస్తాది గదా!"

తనూజ ఎంతసేపు నవ్విందో. నవ్వితే దాని తాత శివరామకృష్ణయ్యగారి పోలిక వస్తుంది. ఆయన పోయాక ఈ ఇంట్లో అలా నవ్విన మనిషి లేదు.

మే 12

గుమ్మడి తొక్క, వంకాయ తొడిమలు, అరటి తొక్కలు. 640 గ్రాములు. ఫోనులో 645. ఆ ఐదు గ్రాములు ఎక్కడివని అడిగాను. తడి అట. సరే.

మే 18, ఆదివారం

ఈ ఏటి ఆవకాయ పెట్టాం. కాయ సిరుగుప్ప నుంచి నా కూతురు పంపింది. హనుమక్క చెల్లెలి ఇంట్లో పెళ్లని రాలేదు. తనూజ కాయలు తుడిచింది, ముక్కలు నేను కొట్టాను. నా మణికట్టు ఇంకా మాట వింటోంది. పెద్ద జాడీ కావలసి వచ్చింది. అందులో పోయినేటిది సగానికి పైగా ఉండిపోయింది, పైన బూజు. మధ్యాహ్నం తనూజ స్నేహితురాలి ఇంటికి వెళ్లాక జాడీ ఖాళీ చేసి, కడిగి ఎండబెట్టాను. ఆవపిండి ఘాటుకు కళ్లు ఇంకా మండుతున్నాయి.

మిషన్‌లో వేసినవి: జీళ్లు, ముచికలు, పొద్దుటి కూర తొక్కలు. కిలో 210.

భోజనాల దగ్గర తనూజ ఫోను చూసుకుంటూ, "అమ్మమ్మా, ఈరోజేమన్నా ఎక్కువ వేసినావా?" అంది.

"రాసిందే వేశాను."

"ఫోను ఐదు కిలోలకు పైన చూపిస్తాంది."

"అయితే నీ ఫోనును అడుగు."

 పడుకోబోయే ముందు చూస్తే తనూజ మిషన్‌ను బోర్లా పడుకోబెట్టి అడుగున సెన్సారు విప్పుతోంది.

మే 19

సెన్సారు సరిచేసిందట. 380 గ్రాములు. ఫోనులోనూ 380. నేను చెప్పలేదా?

జూన్ 3

ఎరువు సంచి తీసుకుని ఇద్దరం రూపనగుడి బస్సెక్కాం. హులిగప్ప మా వారి కాలం నుంచి తెలిసినవాడు. మూడెకరాల మిరప వేస్తాడు. నారు కోసం మూడు మళ్లు కట్టుకుని ఉన్నాడు. పొడిని అరచేతిలో పోసుకుని వాసన చూశాడు.

"ఇదేంది పాపా, కాఫీపుడి మాదిరి ఉండాది?"

"ఎరువే మామా. మా ఇంట్లో తొక్కలు, మిగిలిన అన్నం."

"మీరు తిని మిగిల్చిందంతా నా మడికి తెస్తివా! సరే పో. ముత్తాతల నుంచి పశువులెరువు పోసినోణ్ణి. ఒక మడికి నాది, రెండు మళ్లకు నీది. సరేనా?"

"రెండా?" అంది తనూజ. ఒక్కటి చాలనుకుంది పాపం.

"పెద్దమ్మ తూచి ఇచ్చింది గదా. ఆమె తూకమంటే మా ఊర్లో కూడా పేరుండాది." తర్వాత వేలు చూపించాడు. "ఇదో, నారు రాకుంటే మళ్ల నిన్నే నాటుతా మడిలో!"

"నాటు మామా. నాకు నీళ్లు మాత్రం సరిగ్గా పెట్టాల."

వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మోకా ఊరు దాటాక గుంతల్లో కూడా లేవలేదు. నేను కదలకుండా కూర్చున్నాను.

జూన్ 14

మొలకలు వచ్చాయి. మూడు మళ్లలోనూ. ఫోటో పంపాడు. తనూజ ఆ ఫోటోను వాళ్ల అమ్మకు, నాన్నకు, నాకు పంపింది. నేను పక్కనే ఉన్నాను.

జూన్ 22

హులిగప్ప ఫోను చేశాడు. రెండు మళ్లలో ఆకుల అంచులు మాడుతున్నాయట. నీళ్లు తక్కువై ఉంటాయన్నాను. తనూజ పొద్దున్నే వెళ్లింది.

జూన్ 25

నేనూ వెళ్లాను. తనూజ పొద్దున్నే మళ్లీ వెళ్లి అక్కడే ఉంది.

ఒక మడి పచ్చగా, చాప పరిచినట్టుంది. పక్క రెండు మళ్లు చూడలేకపోయాను. మొలకలు వేలెడు కూడా పెరగకుండానే నల్లబడి పడిపోయాయి. మట్టి పైన అక్కడక్కడ తెల్లగా పొర కట్టింది. కాలువ నీళ్లు పారే చోట చౌడు మామూలే. అదే అయి ఉంటుంది.

హులిగప్ప భార్య మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని లోపలికి వెళ్లింది. హులిగప్ప గట్టు మీద కూర్చున్నాడు.

"విత్తనం నేను మళ్ల తెస్తా పెద్దమ్మా. అదును పోయిందే, అది యాణ్ణించి తేవాల? ఊరంతా నారు పీకి నాటేటప్పుడు నేను మొలక కోసం చూస్తా కూర్చోవాల. బెంగళూరు సదువు నా మడి మింద సదివింది పాప."

తనూజ మడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మొలకను వేలితో లేపి చూస్తోంది, ఏదైనా బతుకుతుందేమోనని.

"చౌడు నేలేమో హులిగప్పా" అన్నాను.

"పక్క మడి ఏ నేల పెద్దమ్మా?"

నేల ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ఆ మాట అతనికి చెప్పాను.

జూన్ 27

తనూజ మిషన్‌ను ముక్కలు ముక్కలుగా విప్పింది. రోజంతా వసారాలోనే. తలుపు దగ్గరకు వేసుకుంది. అన్నానికి పిలిస్తే, "వస్తా, నువ్వు తిను" అంది. వచ్చేసరికి చారు చల్లారిపోయింది. నా వైపు చాలాసేపు చూసింది. "ఏమిటి?" అన్నాను. "ఏం లేదు. నువ్వు కొంచెం చిక్కినావు" అంది.

జూలై 2

హుబ్బళ్ళి నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. జగదీశ్. గుమ్మంలో నన్ను చూసి ఉలిక్కిపడి చెప్పులు బయటే విడిచాడు.

"మేడం! మీరా? తనూజ అమ్మమ్మ అంటే మీరా!"

నా పాత విద్యార్థి. కూర్చోమంటే నేను కూర్చునేదాకా కూర్చోలేదు. తనూజతో, "ఒక చుక్క ఎక్కువ పడిందని మా బ్యాచ్‌తో టైట్రేషన్ మళ్లీ మొదట్నుంచి చేయించినారు. ఇప్పటికీ పైపెట్ చూస్తే నా చెయ్యి వణుకుతాది" అన్నాడు. అందరం నవ్వాం. తనూజ కూడా.

తర్వాత కాగితాలు తీశాడు. నారు సంగతి రాసుకున్నాడు. నా లెక్క, ఫోను లెక్క పక్కపక్కన పెట్టాడు. మే 18 దగ్గర ఆగాడు.

"మేడం, ఆ రోజు మిషన్ ఐదు కిలోల నాలుగు వందలంటాంది. మీరు కిలో రెండు వందల పది రాసినారు."

"నేను రాసిందే వేశాను."

"ఇంకేమన్నా పడి ఉండొచ్చా? పనిమనిషి గాని…"

"హనుమక్క ఆ రోజు రాలేదు. నా ఇంట్లో తూచకుండా ఏదీ పడదు జగదీశ్."

అతను తనూజ వైపు తిరిగాడు. "మళ్ల మిషనే తప్పా?"

తనూజ నన్ను చూసింది. తర్వాత నేలను చూసింది.

"అవును సార్. సెన్సారే తప్పు చూపించింది."

"ఖచ్చితంగానా? ఎందుకంటే, నారు ఒకసారి చెడింది, ఇంకోసారి చూస్తాం, అది వేరే మాట. తూకమే నమ్మలేమంటే లోపల వేడి, మందు, అన్నీ ఆ తూకం మీదే గదా నడిచేది. నువ్వు రాసి సంతకం పెట్టాల."

పెట్టింది. కలం నాదే ఇచ్చాను.

అది ఆవకాయ పెట్టిన రోజు. పని ఎక్కువగా ఉండింది. అయినా లెక్క తప్పలేదు.

జూలై 3

లెక్క తప్పలేదు.

జూలై 9

కంపెనీ వాళ్లు వద్దన్నారు. తనూజ ఫోనులో "పర్వాలేదు సార్, థ్యాంక్యూ సార్" అంది, అంతే. తర్వాత కూర తరగడానికి కూర్చుంది. బెండకాయలు అంత సన్నగా తరగనవసరం లేదని చెప్పాను. తరుగుతూనే ఉంది.

జూలై 13

రోజూ రూపనగుడి పోతోంది. హులిగప్పకు మళ్లీ నారు పోయడంలో సాయం. నీళ్లు తనే చల్లుతోందట, కలుపు తనే తీస్తోందట. అరచేతులు బొబ్బలెక్కాయి. పసుపు రాస్తానంటే చెయ్యి ఇచ్చింది. చిన్నప్పుడు స్లేటు పెన్సిలు గుచ్చుకున్నప్పుడు ఇలాగే ఇచ్చేది, ఇంకో వైపు చూస్తూ.

జూలై 21

ఈ పిల్ల ఇలా కుమిలిపోవడం నేను చూడలేను. తప్పు మిషన్‌ది కాదు, నేలదేనని రుజువు చేస్తే ఇంకో కంపెనీ అయినా వింటుంది. హనుమక్క కొడుకు రూపనగుడి వైపు పోతుంటే రెండు పొట్లాలు మట్టి తెప్పించాను, పచ్చగా ఉన్న మడిది ఒకటి, మాడిన మడిది ఒకటి. ఎరువు పొడి తనూజ సీసాలో కొంచెం ఉంది. రేపు కాలేజీ ల్యాబుకు వెళతాను. నా శిష్యురాలు అంబిక ఇప్పుడు అక్కడ లెక్చరరు. పరీక్షనాళికలు, సిల్వర్ నైట్రేట్ ఇస్తానంది.

జూలై 22

మూడింటినీ నీళ్లలో కలిపి వడపోశాను. మూడింటిలోనూ చుక్కలు వేశాను. ఉప్పుంటే తెల్లగా విరుగుతుంది. ఇది పదో తరగతి పిల్లలకు చెప్పే పరీక్ష.

పచ్చగా ఉన్న మడి మట్టి: లీలగా మబ్బు పట్టినట్టు. మాడిన మడి మట్టి: తెలుపు. ఎరువు పొడి: చుక్క పడీ పడగానే పెరుగు విరిగినట్టు విరిగి అడుగుకు దిగింది.

"ఇంత ఉప్పు యాణ్ణించి మేడం?" అంది అంబిక.

పొడి సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

జూలై 23

ఆవకాయ చెత్త అని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఊరగాయ జాడీని మడి బట్టతో తప్ప ముట్టుకోని ఇల్లు మాది. అది చెత్త ఎలా అవుతుంది? కాలువలో పోస్తే నూనెకు గొట్టం మూసుకుపోతుంది. బయట పారేస్తే ఎవరో ఒకరు తొక్కుతారు. మిషన్ పక్కనే ఉంది. జాడీ వంచాను. చెత్త తూచి రాస్తాను. ఆవకాయ చెత్త కాదు కాబట్టి తూయలేదు, రాయలేదు. నా మనసుకు అది వేసినట్టే అనిపించలేదు.

ఉప్పు మొలకను ఏం చేస్తుందో ముప్ఫై ఏళ్లు చెప్పాను.

జూలై 24

చెప్పాలి.

జూలై 26

ఎండలో తిరిగి తనూజకు జ్వరం. తగ్గాక చెబుతాను.

జూలై 29

జ్వరం తగ్గింది. చుట్టాలు వచ్చారు. వాళ్ల ముందు ఎలా?

ఆగస్టు 1

చుట్టాలు వెళ్లారు.

ఆగస్టు 3, ఆదివారం

చెప్పాను. దండెం మీద బట్టలు తీస్తోంది. నేను చీర అంచు పట్టుకుని మడత పెడుతూ మొదలుపెట్టాను. ఆవకాయ పెట్టిన రోజు జాడీలో మిగిలిన పాతది మిషన్‌లో పోశానని, రాయలేదని, ల్యాబులో తెలిసిందని.

దాని చేతులు ఆగలేదు.

"నాకు తెలుసు అమ్మమ్మా."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు తెలీదు. ఆ రోజు నీ మాటే నమ్మినా. సెన్సారే తప్పని దాన్ని విప్పి మళ్ల బిగించినా. నారు మాడినాక మిషన్ విప్పినా గదా, బ్లేడు కింద టెంక ముక్క ఇరుక్కోని ఉండె. ఎర్ర నూనె."

అంటే జూన్ ఇరవై ఏడు. నేను చిక్కానని చెప్పిన రోజు.

"మరి జగదీశ్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"ఆయన నువ్వు కూర్చునేదాకా కూర్చోలేదు అమ్మమ్మా. ఆయన ముందర నేనెట్లా చెప్పాల, మా అమ్మమ్మ లెక్క తప్పిందని?"

"చెప్పాలి. సెన్సారు తప్పు కాదని తెలిసి తప్పని సంతకం పెట్టావు. అది అబద్ధం. నీకు ఇదేనా నేను నేర్పింది? నేనైతే…"

"నువ్వైతే చెప్తావు. నాకు తెలుసు. నేను చెప్పలేకపోయినా."

"నీ రెండేళ్ల పని తనూజా!"

"మిషన్ది ఏముంది, ఇంకోటి చేసుకోవచ్చనుకున్నా." బట్టలు చంకలో పెట్టుకుంది. "చేసుకోబుద్ధి కాలేదు మళ్ల."

లోపలికి వెళ్లిపోయింది. నా తప్పు చెప్పుకోవడానికి వెళ్లినదాన్ని, దాన్ని తిట్టి వచ్చాను.

ఆగస్టు 5

జగదీశ్‌కు ఫోను చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"మేడం, మీరు చెప్పినారు కాబట్టి నేను నమ్ముతా. పైవాళ్లకు నేనేం చెప్పేది? మిషన్ తూకం తప్పని ఆ పాపే రాసిచ్చింది. ఇప్పుడు కాదంటే రెండిట్లో ఏది నిజమంటారు వాళ్లు?"

"ఇదే నిజం. నేను వచ్చి చెబుతాను. హుబ్బళ్ళికైనా వస్తాను."

"రావద్దు మేడం. వాళ్లు పుణె వాళ్ల మిషన్ తీసుకున్నారు. అయిపోయింది." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకో మాటంటాను, తప్పుగా అనుకోవద్దండి. మీ ఇంట్లోనే ఊరగాయ పడిందంటే మన వైపు ఏ ఇంట్లో పడదు మేడం? ఉప్పు కనిపెట్టే ఏర్పాటు ఉండాల్సింది. ఆ పాపకు చెప్పండి. బుర్రుండే పిల్ల."

తనూజకు చెప్పాను, ఏర్పాటు సంగతి. "మొదట్నే అనుకోవాల్సింది. ఆవకాయ తిని పెరిగి, ఆవకాయ లేని వంటింటికి మిషన్ చేసినా" అంది. కోపంగా అనలేదు. దేని మీదా కోపం లేనట్టుంది. అదే నాకు భయం.

ఆగస్టు 8

రూపనగుడి వెళ్లాను, తనూజ లేకుండా. రెండోసారి పోసిన నారు లేచింది. ఆలస్యమే, అయినా లేచింది. హులిగప్ప, అతని భార్య, పక్క పొలం నెట్టికంటప్ప ఉన్నారు. ముగ్గురి ముందూ చెప్పాను. మీ నారు మాడింది నేను మిషన్‌లో పోసిన పాత ఆవకాయ ఉప్పుతో, పాప తప్పు ఏమీ లేదు అని.

నెట్టికంటప్ప ఊరుకోలేదు. "అయితే ఉప్పు, కారం, నూనె అన్నీ యేసినారు. ఇంగ నారెందుకు హులిగప్పా, అన్నం కలుపుకోని తినేస్తే సరిపోతుండె!"

"నోర్ముయ్‌రా" అన్నాడు హులిగప్ప. నా వైపు చూడలేక గట్టు మీది గడ్డిపోచ తుంచాడు. "నేను పాపని అనరాని మాటలంటి పెద్దమ్మా. రోజూ అంటి. నీళ్ల కాడ అంటి, కలుపు కాడ అంటి. నా పెండ్లాం ఇంగా అనె. ఒక్క మాటకి నోరు తెరవలే. అప్పటికే తెలుసునా పాపకి?"

"తెలుసు."

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టీ తెచ్చారు. తాగాలనిపించలేదు. తాగకపోతే బాధపడతారని తాగాను.

ఆగస్టు 17, ఆదివారం

తనూజకు యశ్వంతనగర్‌లో పని దొరికింది. ఖనిజం రాళ్లు పిండి చేసే యంత్రాల వర్క్‌షాపు. విరిగిన భాగాలకు బొమ్మలు గీసి ఇవ్వాలి. అక్కడే గది ఇస్తారట.

"ఇక్కణ్ణుంచి బస్సులో పోయి రావచ్చు కదా" అన్నాను.

"షిఫ్టులుంటాయి అమ్మమ్మా."

"అయితే ఆదివారాలు?"

"వస్తాలే."

వస్తాలే అంది. వస్తాను అనలేదు. నేను ఇలాంటివి ఇప్పుడు తూస్తున్నాను.

ఆగస్టు 20

వెళ్లింది. వెళ్లేముందు మిషన్‌ను మళ్లీ బిగించి గట్టు కింద పెట్టింది. "నువ్వు వాడుకో. మొక్కలకు వెయ్యి" అంది. తనతో తీసుకుపొమ్మన్నాను. గదిలో చోటు లేదంది.

ఆగస్టు 21

ఒక్కదానికి ఎంత వండినా మిగులుతోంది.

ఆగస్టు 31

ఆదివారం. షిఫ్టు అని ఫోను చేసింది. తిన్నావా అంటే తిన్నానంది. ఏం తిన్నావంటే చిత్రాన్నం అంది. అంతే, పెట్టేసింది. హనుమక్క నా మొహం చూసి, "వస్తాదిలేమ్మా. బిడ్డ యాడికి పోతాది" అంది. గిన్నెలు తోముకోమన్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

వచ్చింది. పొద్దున బస్సు దిగేసరికి తల నుంచి కాళ్ల దాకా ఎర్ర దుమ్ము. స్నానం చేస్తే గచ్చంతా ఎర్రగా పారింది. సన్నబడింది. అడిగితే, "దుమ్ము కడిగినా గదా, అందుకే" అంది. నవ్వాను. అది జోకు వేసిందని సంతోషంతో అవసరానికి మించి నవ్వాను.

బీరకాయ పచ్చడి చేశాను. తొక్కలు తూచి మిషన్‌లో వేసి, దానికి వినపడేలా చెప్పాను, "తనూజా, బీరతొక్క, నూట నలభై." ముందుగదిలోంచి "ఊఁ" అంది.

పెరుగు కోసం లోపలి గదిలోకి వెళ్లి గిన్నె తీసుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. తనూజ గట్టు కింద వంగి కూర్చుని ఉంది. మిషన్ మూత తీసి ఉంది. లోపలికి చూసింది. గరిటె కాడతో తొక్కలు అటూ ఇటూ జరిపి అడుగు చూసింది. వేలికి అంటింది వాసన చూసింది. తర్వాత మూతను చప్పుడు కాకుండా రెండు చేతులతో మెల్లగా దించింది.

పడుకున్న పిల్లి లేస్తుందేమో అన్నంత మెల్లగా. నాకు వినపడకూడదని.

నేను లోపలికి వెనక్కి నడిచి, గిన్నెల అలమర తలుపు గట్టిగా వేసి, అప్పుడు వచ్చాను. అది పీట మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది.

వడ్డించాను. తిన్నది. పచ్చడి బాగుందంది. ఆవకాయ వెయ్యనా అని నేను అడగలేదు, వెయ్యమని అది అడగలేదు.

చూడటం తప్పు కాదు. ఎవరు చెప్పినా సరే, కళ్లతో చూడందే రాయకూడదు. ఇది నేను నేర్పిందే. ఇన్నేళ్లూ ఒక్క నా విషయంలో మాత్రం అది చూడలేదు.

భోజనాలయ్యాక కంచాల్లో మిగిలినవి, కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు, నా కంచంలో ఉన్న అన్నం తీసుకుని గట్టు దగ్గరకు వెళ్లాను. మూత తీశాను. వేశాను. ఈసారి మూత వేయలేదు. పక్కకు జరిగి నిలబడ్డాను.

"చూసి మూత వెయ్యి" అన్నాను.

తనూజ తల ఎత్తి నన్ను చూసింది. ఇందాక నేను చూశానని దానికి అప్పుడు తెలిసింది. మొహం ఎర్రబడింది. "అమ్మమ్మా, అదేం లేదు…" అంది.

"వెయ్యి."

లేచి వచ్చింది. వంగి, లోపలికంటా చూసింది. తర్వాత మూత వేసింది.